కార్పొరేషన్ పైసలతో పోలీసులకు నేర విశ్లేషణ విభాగం: కౌన్సిల్‌లో ఏమేం అడగాలె?

ప్రశ్న: నయీంనగర్ కాలనీవాసి

అందరికీ నమస్కారం. అమెరికాలో సిటీ కౌన్సిళ్లు పోలీసుల నేర విశ్లేషణ కోసం గ్రాంటు తీసుకోవాలా వద్దా అని ఓటేస్తుంటాయి. అది చదివినప్పటినుంచి మా సంక్షేమ సంఘంలో ఒకటే చర్చ. మన వరంగల్ మహానగర పాలక సంస్థ కూడా కొంత డబ్బు పెట్టి, నగరంలోని స్టేషన్లకు నేరాల లెక్కలు, మ్యాపులు తయారుచేసే చిన్న విభాగం పెట్టిస్తే ఎట్లుంటది అని కొందరంటున్నరు. మా కార్పొరేటర్ దగ్గరికి పోయి ఒక వినతిపత్రం ఇద్దామనుకుంటున్నం.

ఇచ్చే ముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నయి. అసలు కార్పొరేషన్‌కు ఈ ఖర్చు పెట్టే అధికారం ఉన్నదా? 50 లక్షలు అనుకుంటే అది దేనిమీద పెట్టాలె, సాఫ్ట్‌వేర్ మీదనా, కెమెరాల మీదనా, మనుషుల మీదనా? ఎక్కడ చెడిపోతది? మా వాళ్లకు కావలసింది తాళం వేసిన ఇళ్లలో దొంగతనాలు, బండ్ల చోరీలు, చైన్ స్నాచింగులు తగ్గడం. రాజకీయం వద్దు, పని తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: జమాఖర్చు

ముందు అధికారం సంగతి. అమెరికాలో చాలా నగరాల్లో పోలీసు శాఖ నగరపాలన కిందే ఉంటుంది, జీతాలు కూడా నగర బడ్జెట్‌లోంచే పోతాయి. ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే ఎడ్వర్డ్ బర్న్ స్మారక 'జాగ్' గ్రాంటుకు దరఖాస్తు చేసేటప్పుడు, దాన్ని కనీసం 30 రోజుల ముందు పాలకమండలి పరిశీలనకు పెట్టాలని చట్టంలోనే ఉంది. అందుకే అక్కడ అది కౌన్సిల్ ముందుకు వస్తుంది.

మన దగ్గర పోలీసు అనేది రాజ్యాంగం ఏడో షెడ్యూల్ రాష్ట్ర జాబితాలో 2వ అంశం. నగరపాలికలకు అప్పగించదగిన పనులు 12వ షెడ్యూల్‌లో 18 ఉన్నాయి, వాటిలో పోలీసు లేదు. కమిషనరేట్‌కు చెక్కు రాసిస్తే ఆడిట్ వాళ్లు మొదట పట్టుకునేది దాన్నే. "మీ విధుల్లో లేని పనికి నగరపాలక నిధి ఎందుకు వాడారు?" అన్న అభ్యంతరం ఒకసారి రాశారంటే అది తేలేసరికి ఏళ్లు పడుతుంది. ఈలోపు రెండో విడత ఆగిపోతుంది, పెట్టుకున్న మనుషులు వెళ్లిపోతారు.

అలాగని దారి లేదని కాదు. 12వ షెడ్యూల్‌లో 17వ అంశం వీధిదీపాలు, పార్కింగ్ స్థలాలు, బస్టాపులు, ప్రజా సౌకర్యాలు. రోడ్లు, పట్టణ ప్రణాళిక కూడా కార్పొరేషన్ పనులే. ఇంటి నంబర్లు, వీధి బోర్డులు, ఆస్తిపన్ను రికార్డు, నగరం జీఐఎస్ (కంప్యూటర్‌లో గీసిన) మ్యాపు ఇవన్నీ కార్పొరేషన్‌వి. కాబట్టి ఖర్చును రెండుగా విడగొట్టండి. చిరునామాల శుద్ధి, బేస్ మ్యాపు, వీధి బోర్డులు, దీపాలు, పార్కింగ్ మార్పులు కార్పొరేషన్ తన పద్దులోనే చేస్తుంది. విశ్లేషకుల జీతం లాంటి శుద్ధ పోలీసు ఖర్చు కమిషనరేట్ తన పద్దులోంచి భరించాలి, లేదా రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో ఒప్పందం రాసుకుని కార్పొరేషన్ ఇవ్వాలి. కౌన్సిల్ తీర్మానం ఒక్కటే చాలనుకుని మొదలుపెడితే మొదటి ఆడిట్ దాకానే.

డబ్బు ఎక్కడిది అన్నది రెండో మెలిక. 15వ ఆర్థిక సంఘం (2021-26) నిధుల్లో పది లక్షల లోపు జనాభా ఉన్న నగరాలకు 60 శాతం ముడిపడిన నిధులు: సగం తాగునీటికి, సగం పారిశుధ్యానికి. మిగిలిన 40 శాతం ముడిలేనివే అయినా జీతాలకు, కార్యాలయ నిర్వహణకు వాడరాదు. 2026 ఏప్రిల్ తర్వాత ఖర్చుకు 16వ ఆర్థిక సంఘం నిబంధనలు తీసి చూసుకోవాలి. ఎంపీ నిధులు శాశ్వత ఆస్తులకే, నెలనెలా ఖర్చుకు రావు. వరంగల్‌ను 2016లో స్మార్ట్ సిటీగా ఎంపిక చేశారు గానీ ఆ మిషన్ గడువు 2025 మార్చితో ముగిసింది, కొత్త పని దాని కింద చూపించలేరు. నిర్భయ నిధి కింద వచ్చిన సేఫ్ సిటీ ప్రాజెక్టు ఎనిమిది నగరాలకే. తెలంగాణ నుంచి హైదరాబాద్ ఒక్కటే అందులో ఉంది. పోలీసు ఆధునికీకరణకు కేంద్ర పథకం వేరే ఉంది, అది రాష్ట్ర పోలీసు శాఖ ద్వారా రావాల్సిందే. ఏతావాతా మనుషుల జీతం అనేదే ఏ పథకంలోనూ ఇమడని పద్దు. విచిత్రమేమంటే ఈ పనికి అన్నిటికన్నా అవసరం అదే.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. వరంగల్ కమిషనరేట్ పరిధి నగరం ఒక్కటే కాదు, జనగామ దాకా ఉంటుంది. కార్పొరేషన్ పరిధి 66 డివిజన్లు. హసన్‌పర్తి, మామునూరు, గీసుగొండ, మడికొండ లాంటి స్టేషన్లలో కొంత కార్పొరేషన్ లోపల, కొంత బయట. నగర ప్రజల పన్నుతో పెట్టిన విశ్లేషకులు ఏయే స్టేషన్ల పని చేయాలో ఒప్పందంలో పేరుపేరునా రాయించండి. లేకపోతే మూడు నెలల్లో వాళ్లను ప్రధాన కార్యాలయంలో నెలవారీ నివేదికలు టైపు చేయడానికి కూర్చోబెడతారు.

జవాబు: పటం-పంచనామా

జమాఖర్చు గారు డబ్బు సంగతి చెప్పారు, నేను డేటా సంగతి చెబుతా. నా లెక్కలో ఈ పని చెడేది సాఫ్ట్‌వేర్ దగ్గర కాదు, ఎఫ్‌ఐఆర్‌లో చిరునామా దగ్గర.

ఎఫ్‌ఐఆర్ నమూనాలో ఘటన తేదీ 'నుంచి–వరకు', సమయం 'నుంచి–వరకు', ఘటనాస్థలం, స్టేషన్ నుంచి దిక్కు, దూరం, బీట్ నంబరు అని గడులు ఉంటాయి. ఈ గడులన్నీ సరిగ్గా నింపితే సగం విశ్లేషణ అక్కడే అయిపోతుంది. జరిగేదేమిటి? ఘటనాస్థలం గడిలో ఫిర్యాదుదారు ఇంటి చిరునామా పడుతుంది. ఎంజీఎం ఆస్పత్రి పార్కింగ్‌లో బండి పోతే రికార్డులో అది రంగశాయిపేటలో పోయినట్టు కనిపిస్తుంది. లేదా "హన్మకొండ బస్టాండ్ దగ్గర" అని ఊరుకుంటారు. బస్టాండ్ లోపలా, బయట ఆటో స్టాండా, అశోకా జంక్షన్ వైపా? ఈ మూడింటికీ గస్తీ వేరు, పరిష్కారం వేరు. అక్షాంశ రేఖాంశాలు నింపే చోట స్టేషన్‌లో కూర్చుని ఫోన్‌లో లొకేషన్ నొక్కితే నేరాలన్నీ స్టేషన్ భవనం మీదే కుప్పపడతాయి. మ్యాపులో నగరమంతటికీ ప్రమాదకరమైన చోటు పోలీస్ స్టేషనే అవుతుంది! నవ్వకండి, కొత్త వ్యవస్థల్లో మొదట వెతకాల్సిన తప్పు ఇదే.

పరిష్కారం ఖరీదైనది కాదు. నేరస్థల పంచనామాకు వెళ్లినవాళ్లు అక్కడ నిలబడి పాయింటు తీసుకోవాలి, దోషం 20 మీటర్ల లోపు ఉండాలి. దానితోపాటు ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు రాసుకోవాలి. ఆ నంబరు కార్పొరేషన్ దగ్గర ఉంది, ఇస్రో మ్యాపుల పోర్టల్ భువన్ ద్వారా ఆస్తులకు జియోట్యాగింగ్ కూడా జరిగింది. ఇంటి నంబరు మారినా ఆ నంబరు పట్టిస్తుంది. విలీనమైన 42 గ్రామాల వైపు ఇది మరీ అవసరం. అక్కడ పాత పంచాయతీ నంబరు ఒకటి, కార్పొరేషన్ నంబరు ఒకటి, కరెంటు బిల్లు మీద ఇంకొకటి ఉండే ఇళ్లు ఉంటాయి. కార్పొరేషన్ పోలీసులకు ఇవ్వగలిగిన అసలు సాయం ఈ చిరునామాల పట్టికే. యజమాని పేరు, ఫోను, బకాయిలు తీసేసి నంబరు, వీధి, డివిజన్, పాయింటు మాత్రమే ఇస్తే చాలు.

ఎంతవరకు కుదిరితే మ్యాపు నమ్మొచ్చు? నేర భూగోళ పరిశోధనలో జెర్రీ రాట్‌క్లిఫ్ 2004లో చూపించిన కనీస హద్దు 85 శాతం. అంటే 100 కేసుల్లో 85 అయినా సరైన చోట మ్యాపులో కూర్చోవాలి. కౌన్సిల్ అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: "గత ఏడాది కేసుల్లోంచి యాదృచ్ఛికంగా 200 తీయండి, ఎన్ని సరిగ్గా కూర్చున్నాయి?" ఇది ఇద్దరు మనుషులకు వారం పని. 60 శాతం వస్తే సాఫ్ట్‌వేర్ కొనే మాట పక్కనపెట్టి శుద్ధి పని చేయాలి. ఆ మిగిలిన 40 అన్ని చోట్లా సమానంగా పోవు. చిరునామా సరిగా లేని బస్తీలు, కొత్త వెంచర్లు, రైల్వే గేటు అవతలి కాలనీలే ఎక్కువగా మాయమవుతాయి. మ్యాపులో అవి ప్రశాంతంగా కనిపిస్తాయి.

సమయం ఇంకో తలనొప్పి. శుక్రవారం సాయంత్రం 6కు తాళం వేసి ఊరెళ్లి సోమవారం పొద్దున 6కు వస్తే దొంగతనం ఆ 60 గంటల్లో ఎప్పుడైనా జరిగి ఉండొచ్చు. రికార్డులో ఒకే సమయం రాయాల్సి వస్తే చాలామంది చూసిన సమయం రాస్తారు, ఖాళీగా వదిలితే కంప్యూటర్ రాత్రి 12 అని పెట్టేస్తుంది. అప్పుడు గ్రాఫులో పొద్దున 6కు ఒక శిఖరం, రాత్రి 12కు ఒక శిఖరం లేస్తాయి. రెండూ అబద్ధమే. సరైన పద్ధతి: ఆ కేసును 60 భాగాలు చేసి గంటకు 1/60 చొప్పున పంచడం. అన్ని కేసులకూ ఇలా పంచి కూడితే నిజమైన గంటలు బయటపడతాయి. ఎక్సెల్‌లోనే చేయొచ్చు. కానీ 'నుంచి–వరకు' రెండూ నింపి ఉండాలి.

2024 జులై 1 గీత మరో గండం. ఆ రోజు నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. దొంగతనం 379 పోయి 303(2) అయింది, ఇంట్లో దొంగతనం 380 పోయి 305లో కలిసింది, రాత్రి పూట ఇల్లు పగలగొట్టడం 457 పోయి 331(4) అయింది. స్నాచింగ్‌కు ఐపీసీలో విడిగా సెక్షనే లేదు. 356, 379 కలిపి కొందరు, 392 కింద కొందరు కట్టేవారు. ఇప్పుడు 304 ఉంది. సెక్షన్ నంబరు పట్టుకుని 2023తో 2025ను పోల్చితే "స్నాచింగ్ సున్నా నుంచి ఇంతకు పెరిగింది" అనే పిచ్చి వాక్యం పుడుతుంది. సెక్షన్‌ను పక్కనపెట్టి, కేసు సారాంశం చదివి, 'తాళం ఇల్లు–పగలు', 'తాళం ఇల్లు–రాత్రి', 'బైకు–ఆస్పత్రి పార్కింగ్', 'చైన్–నడుస్తున్నప్పుడు', 'చైన్–బండి మీద' అంటూ 15 నుంచి 20 పని రకాలుగా మళ్లీ వర్గీకరించాలి. దీనికి తెలుగు చదివి అర్థం చేసుకునే మనిషి కావాలి.

డయల్ 100, 112 కాల్స్ వాడేటప్పుడు ఒక్క జాగ్రత్త: ఒకే గొడవకు ఐదుగురు ఫోన్ చేస్తారు. 15 నిమిషాలు, 200 మీటర్ల లోపు ఒకే రకం కాల్స్‌ను ఒకటిగా కలపకపోతే రద్దీ కూడళ్లన్నీ ఎర్రబడతాయి. కాజీపేట, వరంగల్ స్టేషన్ల లోపల పోయిన ఫోన్లు, బ్యాగుల కేసులు రైల్వే పోలీసులవి, కమిషనరేట్ లెక్కలో రావు. ప్లాట్‌ఫారం బయట మ్యాపు ఖాళీగా కనిపిస్తే సంతోషించకండి. వాళ్ల దగ్గర నెలనెలా విడిగా అడిగి తెచ్చుకోవాలి.

ప్రశ్న అడిగినవారు: నయీంనగర్ కాలనీవాసి

పటం-పంచనామా సార్, మస్తు వివరంగ చెప్పిన్రు. రెండు సందేహాలు. ఒక ఇంట్ల దొంగలు పడితే వారం పది రోజులల్ల ఆ వాడకే మళ్ల వస్తరని అంటరు, నిజమేనా? ఇంకోటి, నెల నెలా "40 శాతం పెరిగింది, 30 శాతం తగ్గింది" అని పేపర్ల వస్తది. దాన్ని ఎట్ల చదవాలె?

జవాబు: పటం-పంచనామా

మొదటిది పలు దేశాల్లో పరిశీలించిన విషయమే. ఒక ఇంట్లో దొంగతనం జరిగాక చుట్టూ 200 నుంచి 400 మీటర్ల లోపు ఇళ్లకు కొన్ని వారాలపాటు ప్రమాదం మామూలు కన్నా ఎక్కువగా కనిపించింది. దారులు, తప్పించుకునే సందులు, ఇళ్ల అమరిక దొంగకు తెలిసిపోయి ఉంటాయి కాబట్టి. అయితే బయటి రాష్ట్రం నుంచి రైల్లో వచ్చి ఒక్కరాత్రి నాలుగిళ్లు చూసుకుని పోయే ముఠాలకు ఇది వర్తించదు. అందుకే మన మూడేళ్ల కేసుల మీద పరీక్షించి చూడాలి: ఒక కేసు తర్వాత 14 రోజుల్లో, 200 మీటర్లలో ఇంకోటి ఎన్నిసార్లు వచ్చింది, యాదృచ్ఛికంగా అయితే ఎన్నిసార్లు రావాలి? తేడా గట్టిగా ఉంటే పని సులువు. కేసు నమోదైన 24 గంటల్లో ఆ వాడలోని ఇళ్లకు చెప్పాలి, రెండు వారాలు బ్లూకోల్ట్స్ గస్తీ బండి అటు తిప్పాలి. బతుకమ్మ–దసరా, సంక్రాంతి సెలవుల్లో తాళాలే ఎక్కువ కాబట్టి ఆ వారాలను విడిగా లెక్కించండి. మేడారం జాతర రెండేళ్లకోసారి, జాతర ఏడాదిని జాతర లేని ఏడాదితో పోల్చితే ములుగు రోడ్డు లెక్క తప్పుతుంది. నాలుగేళ్ల డేటా ఉంటేనే జాతరను జాతరతో పోల్చగలరు.

రెండోదానికి ఒక మోటు సూత్రం. నెల సగటు తీసుకుని దాని వర్గమూలం కట్టండి. సగటు 9 అయితే వర్గమూలం 3. దానికి రెండింతలు, అంటే 6 అటూ ఇటూ, 3 నుంచి 15 దాకా ఏ నెలలోనైనా రావొచ్చు. స్టేషన్‌లో చేసిందేమీ లేకుండానే. 9 నుంచి 13కు పోతే పేపర్లో "44 శాతం పెరుగుదల" అవుతుంది, లెక్కలో అది మామూలు ఊగిసలాటే. 2 నుంచి 4కు పోతే 100 శాతం! కౌన్సిల్‌కు ఇచ్చే పత్రంలో శాతాలు నిషేధించి, అసలు సంఖ్య, మూడేళ్ల అదే నెల సగటు పక్కపక్కన పెట్టమనండి.

ఇక 50 లక్షల ప్రశ్న. నేనైతే రెండేళ్లకు ఇలా పరుస్తా. అన్నీ కలుపుకుని నెలకు 45 వేల చొప్పున ఇద్దరు విశ్లేషకులు, 24 నెలలు: 21.60 లక్షలు. పాత మూడేళ్ల కేసుల చిరునామాల శుద్ధికి నలుగురు డేటా ఎంట్రీ వాళ్లు, 18 వేల చొప్పున ఆరు నెలలు: 4.32 లక్షలు. రెండు మంచి కంప్యూటర్లు, 32 జీబీ మెమరీతో: 2 లక్షలు. యూపీఎస్, ప్రింటరు, బ్యాకప్ డిస్కులు: లక్ష. స్టేషన్ రైటర్లకు, పంచనామాకు వెళ్లే సిబ్బందికి శిక్షణ: 2 లక్షలు. డేటా భద్రత తనిఖీ: 2 లక్షలు. బయటివారితో ఫలితాల మదింపు: 4 లక్షలు. మొత్తం 36.92 లక్షలు. మిగిలిన 13.08 లక్షలు తాకొద్దు. విశ్లేషణలో తేలిన చోట్ల దీపం వేయడానికి, కొమ్మలు కొట్టడానికి, పార్కింగ్‌కు గేటు, చీటీ పెట్టడానికి అవి కావాలి. ఈ రేట్లు అంచనాకు మాత్రమే, టెండరులో అటూ ఇటూ అవుతాయి. సాఫ్ట్‌వేర్ గడి ఎక్కడా లేదు చూడండి: మ్యాపులకు క్యూజీఐఎస్ ఉచితం, లెక్కలకు 'ఆర్' అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. రెండేళ్ల తర్వాత లైసెన్సు డబ్బు కట్టలేక మూతపడే గొడవ ఉండదు.

విశ్లేషకుల నుంచి రావాల్సింది గోడంత స్క్రీన్ కాదు. సోమవారం పొద్దున 9కి ఒక్కో స్టేషన్‌కు ఒక ఏ4 కాగితం: ఈ వారం కొత్తగా వచ్చిన మూడు చోట్లు, ఏ రోజు ఏ గంటలు, పద్ధతి ఏమిటి, పాత కేసుల్లో దేనితో కలుస్తుంది, పోయిన వారం చెప్పిన చోట ఏం చేశారు. ఆఖరి గడి ఖాళీగా తిరిగొస్తే ఆ విభాగం అలంకారమే. గస్తీ సంగతికొస్తే, 1995లో కోపర్ అనే పరిశోధకుడు అమెరికాలోని మినియాపొలిస్‌లో చేసిన పరిశీలనలో ఒక చోట దాదాపు 15 నిమిషాలు ఆగి వెళ్తే ఎక్కువసేపు ప్రభావం మిగిలింది. అంతకుమించి ఆగితే అదనపు లాభం తగ్గింది. కాబట్టి రాత్రంతా ఒకే కూడలిలో జీపు నిలబెట్టడం కన్నా ఐదారు చోట్ల 15 నిమిషాల చొప్పున, వేళలు మారుస్తూ తిప్పడం మేలు.

జవాబు: బోడగుట్ట కుర్రోడు

ఇంత కథ ఎందుకన్నా, ఆ 50 లక్షలకు కెమెరాలు పెట్టిస్తే దొంగలు భయపడరా? ప్రతి వాడకట్టుకు నాలుగు పెడితే పాయె.

జవాబు: సెక్షన్ 63

తమ్ముడూ, కెమెరా పెట్టడం తేలిక, రెండో ఏడాది నడపడమే కష్టం. లెక్క చూడండి. మామూలు 4 మెగాపిక్సెల్ కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు సుమారు 21.6 జీబీ, 30 రోజులకు 650 జీబీ. వాడకట్టుకు నాలుగంటే 2.6 టీబీ. ఎర్ర హార్డ్‌డిస్కు, ఊదా హార్డ్‌డిస్కు అని అమ్మేవాళ్లు చెబుతారు, అడగాల్సింది నిరంతరం రాయడానికి చేసిన డిస్కా కాదా అనే. ఆఫీసు కంప్యూటర్లలో వాడే మామూలు డిస్కు అందులో వేస్తే తొందరగా పోతుంది. పోయిన సంగతి కేసు వచ్చి ఫుటేజ్ అడిగినప్పుడే తెలుస్తుంది.

పనికిరాకుండా పోయే కారణాలు ఎప్పుడూ అవే: స్తంభానికి కరెంటు వీధిదీపాల లైన్లోంచి తీసుకుంటారు, పగలు ఆ లైన్ ఆపేస్తారు, కెమెరా రాత్రి మాత్రమే బతుకుతుంది. గడియారం సరిచేయరు, నలభై నిమిషాల తేడాతో నడుస్తుంది. ముఖం గుర్తుపట్టాల్సిన కెమెరాను 20 అడుగుల ఎత్తున పెడతారు, నెత్తి మాత్రమే కనిపిస్తుంది. ముఖానికైతే 9 నుంచి 10 అడుగులు చాలు. నంబర్ ప్లేటుకు వేరే కెమెరా, సన్నటి కోణం, రాత్రి ఇన్‌ఫ్రారెడ్. ఒకే కెమెరాతో రెండు పనులూ చేస్తాం అంటే రెండూ కావు. కోతులు వైర్లు తెంపడం, చెట్టుకొమ్మలు అడ్డొచ్చిన సంగతి మన వరంగల్‌లో నేను చెప్పక్కర్లేదు.

కోర్టు పనికి ఇంకోటి. భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ఫుటేజ్‌తోపాటు ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో పరికరం వివరం, ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ ఉండాలి, రెండు భాగాలుగా పరికరం చూసుకునే మనిషీ, నిపుణుడూ సంతకం పెట్టాలి. ఎవరు చూసుకుంటున్నారో తెలియని కాలనీ కెమెరాకు ఆ సంతకం ఎవరు పెడతారు? ఇది ముందే రాసుకోండి. 100 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది చేరే సంస్థలకు 2013 ప్రజా భద్రత చట్టం కింద కెమెరాలు పెట్టి 30 రోజులు రికార్డు ఉంచాల్సిన బాధ్యత ఇప్పటికే ఉంది. ఫంక్షన్ హాళ్లు, ఆస్పత్రులు, షాపింగ్ మాళ్లు ఆ పని చేస్తున్నాయో లేదో చూస్తే కార్పొరేషన్‌కు రూపాయి ఖర్చు లేకుండా వందల కళ్లు వస్తాయి.

కౌన్సిల్ తీర్మానంలో ఉండాల్సిన కొన్ని షరతులు కూడా చెబుతా. విశ్లేషణ చోట్ల మీద జరగాలి, మనుషుల పేర్ల మీద కాదు. సస్పెక్ట్ షీట్లు, పాత నేరస్తుల ఇళ్లు, కార్డన్ సెర్చ్ చేసిన బస్తీలు, పేకాట, గుడుంబా లాంటి పోలీసులే వెళ్లి పట్టుకునే కేసులు హాట్‌స్పాట్ (నేరాలు ఎక్కువగా జరిగే చోట్ల) లెక్కలోకి రాకూడదు. అవి నేరం ఎక్కడ జరిగిందో చెప్పవు, పోలీసు ఎక్కడికి వెళ్లాడో చెబుతాయి. వాటిని వేస్తే ఆ లెక్క పోలీసులను మళ్లీ అక్కడికే పంపుతుంది, మళ్లీ అక్కడే కేసులు దొరుకుతాయి. బాధితులు వచ్చి ఇచ్చిన ఫిర్యాదులే వాడాలి. అమెరికాలో శాంటా క్రూజ్ నగరం 2020లో, నేరం ఎక్కడ జరుగుతుందో ముందే చెప్పే కంప్యూటర్ జోస్య పోలీసింగ్‌ను నిషేధించింది, లాస్ ఏంజెలెస్ పోలీసులు అదే ఏడాది ప్రెడ్‌పోల్ అనే అలాంటి సాఫ్ట్‌వేర్ వాడకం ఆపేశారు. ముఖ గుర్తింపు మీద మన హైకోర్టులోనే పిటిషన్ ఉంది, 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసులు వెళ్లాయి. కాబట్టి ఆ ఫీచరు ఈ డబ్బుతో కొనరాదని ఒక్క వాక్యం చేర్చండి.

బయటికి చూపే మ్యాపులో లైంగిక నేరాలు, పోక్సో కేసులు, మైనర్లు ఉన్న కేసులు పాయింట్లుగా అసలు రాకూడదు. బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం న్యాయ సంహిత 72, పోక్సో 23 కింద నేరం, పేరు లేకపోయినా ఇంటి మీద చుక్క పడితే వాడంతా తెలిసిపోతుంది. మిగతా కేసులు కూడా ఇంటి స్థాయిలో కాక వీధి లేదా 250 మీటర్ల గడి స్థాయిలో, ఐదు కన్నా తక్కువ ఉంటే '5 లోపు' అని. విశ్లేషకులు ఔట్‌సోర్సింగ్ మనుషులైతే వాళ్ల కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్, వాట్సాప్ వెబ్ రెండూ మూసేయాలి. ఎవరు ఏ ఫైలు ఎప్పుడు తెరిచారో లాగ్ ఉండాలి.

జవాబు: జమాఖర్చు

ఒక దిద్దుబాటు, ఒక చేర్పు.

పటం-పంచనామా గారి లెక్కలో 45 వేలు అన్నీ కలిపి అన్నారు. ఏజెన్సీ ద్వారా తీసుకుంటే సేవా రుసుము, పీఎఫ్, 18 శాతం జీఎస్టీ పోగా చేతికి 30 వేల చిల్లర మాత్రమే వస్తుంది. జీఐఎస్ తెలిసిన పిల్లలు ఆ జీతానికి ఆరు నెలలు ఉండి హైదరాబాద్ పోతారు. మంచిది ఏమిటంటే ఇద్దరు బయటివాళ్ల పక్కన ఇద్దరు కానిస్టేబుళ్లను, కంప్యూటర్ మీద ఆసక్తి ఉన్నవాళ్లను, రెండేళ్లు బదిలీ చేయకూడదన్న షరతుతో కూర్చోబెట్టడం. ఒకరు వెళ్లినా పని ఆగదు. ఎన్‌ఐటీ, కాకతీయ విశ్వవిద్యాలయం విద్యార్థులతో ప్రాజెక్టు చేయిద్దాం అనే ఆలోచన వస్తుంది. పద్ధతులు పరీక్షించడానికి, మదింపుకు బాగుంటుంది గానీ అసలు కేసుల డేటా క్యాంపస్‌కు పోకూడదు. పేర్లు తీసేసిన నకలు మాత్రమే.

విడతలు ఇలా కట్టమనండి. మొదటి విడత 30 శాతం: 200 కేసుల పరీక్ష, చిరునామాల శుద్ధి. రెండో విడత 85 శాతం హద్దు దాటిన ధ్రువీకరణ వచ్చాకే. మూడోది ఏడాది తర్వాత మదింపు చూసి. వినియోగ ధ్రువపత్రం ఇవ్వనిదే తదుపరి విడత లేదు. ఫలితం కొలతగా "ఎఫ్‌ఐఆర్‌లు తగ్గాలి" అని మాత్రం పెట్టకండి. పెట్టారో, ఫిర్యాదు తీసుకోకుండా పంపేయడం మొదలవుతుంది. దాని బదులు కొలవాల్సినవి: సరైన పాయింటు ఉన్న కేసుల శాతం, సూచించిన చోట్ల నిజంగా గస్తీ తిరిగిన గంటలు, సూచించిన దీపం ఎన్ని రోజుల్లో వెలిగింది, ఎంచుకున్న చోట్లను అలాంటివే ఎంచుకోని చోట్లతో పోల్చితే 12 నెలల్లో తేడా ఎంత.

జవాబు: పటం-పంచనామా

అమ్మేవాళ్లు వచ్చి "మా సాఫ్ట్‌వేర్ 90 శాతం కచ్చితం" అంటే ఒకే ప్రశ్న అడగండి: ఎంత విస్తీర్ణంలో? నగరమంతా ఎరుపు రంగేస్తే 100 శాతం నేరాలూ అందులోనే పడతాయి. నేరాల శాతాన్ని విస్తీర్ణ శాతంతో భాగించాలి. 5 శాతం విస్తీర్ణంలో తర్వాతి మూడు నెలల నేరాల్లో 25 శాతం పడితే సూచిక 5. స్టేషన్‌లో పాతికేళ్లుగా ఉన్న హెడ్ కానిస్టేబుల్‌ను మ్యాపు మీద అదే 5 శాతం గీయమనండి, ఆయన సూచిక కూడా కట్టండి. సాఫ్ట్‌వేర్ ఆయనను దాటకపోతే కొనొద్దు.

ప్రశ్న అడిగినవారు: నయీంనగర్ కాలనీవాసి

అందరికీ ధన్యవాదాలు. వినతిపత్రంల సాఫ్ట్‌వేర్, కెమెరాలు అని రాసినవి కొట్టేసి, మొదట 200 కేసుల పరీక్ష, ఆస్తిపన్ను నంబర్ల పట్టిక పోలీసులకు ఇచ్చే ఒప్పందం, మా డివిజన్‌ల ఆరిపోయిన దీపాల జాబితా, ఈ మూడే అడుగుతున్నం. దీపాల జాబితా స్తంభం నంబర్లతో సహా ఆదివారం తిరిగి రాస్తం, స్తంభం నంబరు లేని చోట ఏం రాయాలో ఎవరన్న చెప్పండి.

జవాబు: జమాఖర్చు

ముందు ఇంటి అసెస్‌మెంట్ నంబరు, పక్కన 'ఎదురుగా' లేదా 'ఎడమ మూల' అని, ఫోన్‌లో లొకేషన్ తీసి ఆరు దశాంశాలతో అక్షాంశ రేఖాంశాలు. రాత్రి 7 తర్వాత తిరగండి. పగలు తిరిగితే ఆరిన దీపం, ఆపిన దీపం ఒకేలా కనిపిస్తాయి.